ఏడాకులపాల మాస్టారు

పలాసను ఆనుకుని ఉన్న కాశీబుగ్గలో జీడిపిక్కలు కాల్చే వాసన లేని వీధి ఉండదు. తెల్లారేసరికి ఫ్యాక్టరీ గొట్టాల పొగతో పాటు ఆ కమ్మటి, ఘాటైన వాసన ఇళ్లలోకి వచ్చేస్తుంది. కూర్మారావు మాస్టారి ఇంటి దగ్గర మాత్రం దాన్ని ఇంకో వాసన పక్కకు నెట్టేసేది. వరండాలో పాత చీర పరిచి ఆరబెట్టిన చెట్టు బెరడు ముక్కల వాసన అది. పట్టి చూస్తే నాలుక మీద కూడా చేదు తగిలేంత గట్టి వాసన. బెరడు ఎండలో ఆరకూడదు, నీడనే ఆరాలి. అందుకని వానాకాలంలో వరండా చాలకపోతే ఆ ముక్కలు మంచం కిందికి, పుస్తకాల బీరువా మీదికి, ఒక్కోసారి పూజగది గుమ్మం దాకా కూడా నడిచి వచ్చేసేవి.

మాస్టారి భార్య మోహిని చాలావరకు ఓర్చుకునేది. ఆమె ఆయన మేనమామ కూతురే. చిన్నప్పటి నుంచి చూస్తున్న మనిషి, ఎలాంటివాడో తెలిసే చేసుకుంది. కానీ ఒకసారి ఆమె పుట్టింటికి వెళ్లిన సమయం చూసి, కొత్తగా కొన్న మిక్సీలో ఆయన బెరడు పొడి చేశాడు. తిరిగొచ్చాక ఆమె చేసిన కొబ్బరి పచ్చడి నోట్లో పెట్టుకోగానే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"బావా, ఇందులో ఏటి రుబ్బినావు?"

"ఏటీ లేదే."

"ఏటీ లేకపోతే కొబ్బరికాయ సేదెక్కుతాదేటి? కొబ్బరికాయల ఊర్లో పుట్టినోడివి, నువ్వే సెప్పు."

ఎన్నిసార్లు కడిగినా ఆ జారుకు చేదు వదల్లేదు. చివరికి దాన్ని బెరడుకే వదిలేసి, వంటకు వేరే జారు కొనుక్కున్నారు. వీధిలో వాళ్లు ఆయన్ని బెరడు మాస్టారని పిలవడం అప్పుడే మొదలైంది. మోహినే నలుగురిలో నవ్వుతూ ఆ పేరు పెట్టిందని ఆయన అనుమానం. ఆమె ఎప్పుడూ ఒప్పుకోలేదు.

కూర్మారావుది కంచిలి దగ్గర కొబ్బరితోటల పల్లె. డిగ్రీ అయ్యాక కొత్తలో మందస కొండల దిగువన ఒక హాస్టల్లో పిల్లలకు పాఠాలు చెప్పడానికి వెళ్లాడు. అక్కడ వానాకాలం మొదట్లోనే చలిజ్వరం పట్టుకుంది. మూడు దుప్పట్లు కప్పినా మంచం కోళ్లు టకటకలాడేలా వణుకు. తగ్గిందనుకుంటే మర్నాడు కాక ఆ మర్నాడు మళ్లీ అదే వేళకు వచ్చేది. ఆయన అద్దెకున్న ఇంటివాడు ధనుంజయ, ఒడియా తెలుగు కలిపి మాట్లాడే రైతు. హాస్టల్ వాళ్లు మండల ఆస్పత్రి నుంచి మలేరియా మాత్రలు తెచ్చి ఇచ్చారు. ధనుంజయ తల్లి మాత్రం పెరట్లోని ఏడాకులపాల చెట్టు నుంచి చిన్న బెరడు ముక్క కొట్టి, పాలు కారుతున్నదాన్ని అలాగే కడిగి, మరిగించి, చేదు కషాయం గ్లాసులో తెచ్చింది. ఒడియాలో వాళ్లు దాన్ని ఛాతియానా అంటారు.

కూర్మారావు మాత్రా మింగాడు, కషాయమూ తాగాడు. జ్వరం పోయింది.

ఏది పోగొట్టింది? హాస్టల్ వాళ్లు మాత్రే అన్నారు. ముసలామె తన చెట్టే అంది. రసాయనశాస్త్రం చదువుకున్న కుర్రాడు ఎటూ తేల్చుకోలేకపోయాడు. ఆ అనుమానం ఆయనతో పాటే పలాస వచ్చింది, ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్చరర్ అయింది, పెళ్లి చేసుకుంది, నడివయసు దాకా ఆయన పక్కనే కూర్చుంది. క్లాసులో మలేరియా మందు పాఠం వచ్చినప్పుడల్లా, "క్వినైన్ కూడా ఒకప్పుడు చెట్టు బెరడేనర్రా" అని మొదలుపెట్టి గంట కొట్టినా ఆపేవాడు కాదు.

తిత్లీ తుపాను వచ్చి ఉద్దానం కొబ్బరి, జీడితోటలన్నీ పడుకోబెట్టేసిన ఏడు, రోడ్లు తెరుచుకోగానే ఆయన మందస వెళ్లాడు. ధనుంజయ ఇంటి వాళ్లు ఎలా ఉన్నారో చూడాలని. ముసలామె అప్పటికే లేదు. ధనుంజయ పెంకులు ఏరుకుంటూ కనిపించాడు. ఊరి చివర ఒక పెద్ద ఏడాకులపాల వేళ్లతో సహా పెకలిపోయి దారికి అడ్డంగా పడి ఉంది. కూర్మారావు దాని చుట్టూ తిరిగి, వంగి, గోటితో బెరడు గీకి చూశాడు. ఇంకా పాలు వస్తున్నాయి.

"మాస్టారూ, దీన్ని ఎలాగూ కోసి పొయ్యిలో ఎట్టెత్తారు. మీకు గావాలంటే తోలు ఒలుసుకు ఎల్లండి" అన్నాడు ధనుంజయ.

ఎరువుల సంచి నిండా బెరడుతో ఆయన ఇల్లు చేరాడు. ఇంటి పైకప్పు రేకులు ఎగిరిపోయి ఉంటే మొగుడు బెరడు మోసుకొచ్చాడని మోహిని చాలాకాలం చెప్పుకుంది. ఆ ఏడాదే విశాఖపట్నం యూనివర్సిటీలో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి పేరు నమోదు చేయించుకున్నాడు. జుట్టు నెరిసిన విద్యార్థిని చూసి గైడు మేడమ్ నవ్వలేదు. "మెల్లగా చేద్దాం మాస్టారూ, పరిగెత్తకండి" అని మాత్రం అంది.

పలాస కాలేజీ ల్యాబ్‌లో అంత సరంజామా లేదు. టెక్కలిలో పాత స్నేహితుడు పనిచేసే ఫార్మసీ కాలేజీలో ఆదివారాలు ల్యాబ్ తాళం దొరికేది. పొద్దున్నే బండి మీద బయలుదేరి, అక్కడ బెరడు పొడిని మిథనాల్‌లో నానబెట్టి, వడగట్టి, ఆవిరి చేసి, అడుగున మిగిలే నల్లటి జిగురు సారాన్ని చిన్న సీసాల్లోకి తీసేవాడు. సంచెడు బెరడుకు అరచేతిలో పట్టేంత సారం. ఒక ఆదివారం మోహిని కూడా వెంట వచ్చింది, ఈయన నిజంగా ల్యాబ్‌కే వెళ్తున్నాడా అని చూడ్డానికేనంటూ. ఆయన గాజు గొట్టంలో వంగపండు రంగు ద్రావకం పోసి, అందులో సారం చుక్కలు వేసి పక్కన పెట్టాడు. కాసేపటికి వంగపండు రంగు విరిగి, నెమ్మదిగా నిమ్మపండు పసుపులోకి తిరిగింది.

"ఏటి బావా, గారడీయా?"

"అరటికాయ తరిగి వదిలేస్తే నల్లబడతాది కదా, నువ్వు మజ్జిగలో ఎందుకేత్తావు?"

"నల్లబడకుండా."

"ఇదీ అంతే. గాలి వల్ల, జబ్బు వల్ల ఒంట్లో కణాలు పాడవకుండా అడ్డుపడే గుణం కొన్నిట్లో ఉంటాది. ఈ రంగు ఎంత తొందరగా మారితే ఆ గుణం అంత గట్టిదన్నమాట. దాన్నే యాంటీ ఆక్సిడెంట్ అంటారు."

మోహిని ఆ గొట్టాన్ని కిటికీ వెలుగులో పెట్టి చాలాసేపు చూసింది. తిరిగి వచ్చేటప్పుడు బండి వెనక కూర్చుని, "మిక్సీ జారు పోతే పోయిందిలే" అంది. ఆయనకు డాక్టరేటు వచ్చినట్టే అనిపించింది.

సారం మీద మలేరియా పరీక్ష ఇక్కడ అయ్యేది కాదు. మనిషి రక్తకణాల్లో ఆ క్రిమిని గాజు పలకల్లో బతికించి, దాని మీద మందు పనిచేస్తుందో లేదో చూసే పెద్ద ల్యాబ్‌కు గైడు మేడమ్ సీసాలు పంపింది. చాలా నెలల తరవాత ఫలితం వచ్చింది. సారం వేసిన పలకల్లో క్రిమి ఎదుగుదల బాగా తగ్గింది. దాని కిందే ఇంకో మాట కూడా ఉంది. మోతాదు పెంచితే ఆ సారం మామూలు మనిషి కణాలను కూడా దెబ్బతీస్తోంది. కూర్మారావు మొదటి మాట చదివి కుర్చీలోంచి లేచిపోయాడు. రెండో మాట కూడా చదివాడు. కానీ సంతోషం ముందొచ్చి కూర్చుంది, భయానికి చోటు మిగల్లేదు.

ఆయన దగ్గర చదువుకున్న వెంకటేష్ ఒక పేపర్‌కు విలేకరి. సంగతి తెలిసి పరిగెత్తుకొచ్చాడు. కూర్మారావు అరగంట పాఠం చెప్పాడు. ఇది తొలి మెట్టని, మనిషి మీద పరీక్షలు కాలేదని కూడా చెప్పాడు. మర్నాడు పొద్దున జిల్లా పేజీ పైభాగంలో ఆయన ఫొటో. "మలేరియాకు మన చెట్టే మందు! పలాస మాస్టారి ఘనత." కింద చిన్న అక్షరాల్లో, కణాలకు రక్షణనిచ్చే గుణం వల్ల ఉద్దానం కిడ్నీ బాధితులకు కూడా మేలు జరగొచ్చని ఒక వాక్యం.

"ఇది నాను సెప్పలేదే" అన్నాడు ఆయన పేపర్ పట్టుకుని.

"ఫోన్ సేసి సెప్పు మరి" అంది మోహిని.

చేద్దామనుకున్నాడు. ఈలోపు ప్రిన్సిపాల్ ఫోన్ చేశాడు. ఇచ్ఛాపురం నుంచి, కూతుర్నిచ్చిన వియ్యంకుడు చేశాడు. ఎప్పుడూ పలకరించని పాత స్నేహితులు చేశారు. మధ్యాహ్నం కాలేజీలో శాలువా కప్పారు. సాయంత్రానికి ఆయన గొంతు బొంగురుపోయింది, దిద్దుకోవాల్సిన మాట దిద్దుకోకుండానే ఉండిపోయింది. ఇంత వయసొచ్చాక మొదటిసారి అందరూ తనవైపు చూస్తుంటే ఆ వెలుగు ఆర్పేయడానికి చెయ్యి రాలేదు, అంతే.

కొద్దిరోజుల్లో మనుషులు రావడం మొదలైంది. మందస, సోంపేట, కవిటి వైపుల నుంచి. జ్వరాలకని వచ్చినవాళ్లకు ఆస్పత్రికి వెళ్లమని నచ్చచెప్పగలిగాడు. కిడ్నీల కోసం వచ్చినవాళ్లకు ఏం చెప్పాలో తెలియలేదు. ఉద్దానంలో ఆ జబ్బు తగలని ఇల్లు వెతకాలి. ఎందుకు వస్తోందో ఎవరూ తేల్చి చెప్పని జబ్బు. ఒక నడివయసు మనిషి గుమ్మంలో నిలబడి, డయాలసిస్ చేయించుకుంటున్న తమ్ముడి రిపోర్టులు సంచిలోంచి తీసి చూపించాడు.

"మాస్టారూ, కొంచెం పొడి ఇప్పించండి. తగ్గితే తగ్గుతాది, లేపోతే మా రాత."

"కాదు బాబూ. కిడ్నీ మీద ఇది పనిచేస్తాదని నాకు తెలీదు. సెడుపు సెయ్యొచ్చు కూడా."

ఆ మనిషి ఆయన వంక అనుమానంగా చూశాడు. పెద్దవాళ్లకి, డబ్బున్నవాళ్లకి దాచిపెట్టుకున్నాడని అనుకున్నాడు కాబోలు. సంచి సర్దుకుని వెళ్లిపోయాడు.

ఆ వారంలోనే ధనుంజయ ఫోన్. "మాస్టారూ, మా అమ్మ సెట్టు గుర్తుందా? పెరట్లోది? నాను పొలానికెల్లొచ్చేసరికి సుట్టూరా తోలు ఒలిసీసినారు. మొదలు తెల్లగా అయిపోనాది. బతుకుతాదంటారా?"

చుట్టూ బెరడు వలిస్తే ఆకుల నుంచి వేళ్లకు తిండి అందదు, చెట్టు నెమ్మదిగా ఎండిపోతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా, "మట్టి మెత్తి గుడ్డ కట్టు, నాను ఒత్తాను" అన్నాడు.

ఆ ఆదివారం వెళ్దామని మోహినితో చెబుతుండగానే, చిన్నమ్మ అసిరమ్మ కొడుకు నుంచి కబురు వచ్చింది. అసిరమ్మ కూర్మారావు తల్లికి చెల్లెలు. తల్లి చిన్నప్పుడే పోతే ఎత్తుకుని పెంచింది ఈవిడే. కొబ్బరి పీచు తాళ్లు పేనే ఆమె అరచేతులు గరుకుగా ఉండేవి. చిన్నప్పుడు వీపు రుద్దుతుంటే నొప్పీ, హాయీ రెండూ కలిసి ఉండేవి. ఆవిడ కిడ్నీలు కూడా కొంత దెబ్బతిన్నాయని ముందే తెలుసు. పరీక్షకు వెళ్లినప్పుడల్లా, "కిరియాటిన్ ఎంతొచ్చింది?" అని ఫోన్ చేసి అడగడం ఆయనకు అలవాటు. మందస పక్కన కూతురింట్లో కొన్నాళ్లుండి వచ్చాక ఆమెకు చలిజ్వరం మొదలైందట. ఆస్పత్రికి రానంటోందట.

ఇద్దరూ బండి మీద ఆ కొబ్బరితోటల పల్లెకు వెళ్లేసరికి అసిరమ్మ వరండాలో నులకమంచం మీద దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. కళ్లు లోపలికి పోయాయి. అయినా కూర్మారావును చూడగానే మొహం వికసించింది.

"ఒచ్చినావా నాయనా! మోహినీ, కూకో అమ్మా. ఒరే, ఆళ్లకి బొండాలు కొట్టండర్రా."

మంచం పక్కన గ్లాసు ఉంది. అడుగున గోధుమరంగు మడ్డి. కూర్మారావు దాన్ని ఎత్తి వాసన చూశాడు. ఆ వాసన ఆయనకు తెలియనిదేం కాదు.

"సిన్నమ్మా, ఇదేటి?"

"నీ మందేరా! మా కూతురింటి దగ్గర సెట్టుంటే తెప్పించినాను. పొద్దూ మాపూ తాగుతున్నాను. ఆశా గుంట గోలీలు అంటాది, పరీచ్చ అంటాది. నా కొడుకు మందు కనిపెట్టి పేపర్లో పడితే నాను ఊరోళ్ల గోలీలు మింగాలేటి? నలుగురూ నవ్వరా?"

గోడకు, క్యాలెండర్ పక్కన, ఆయన ఫొటో ఉన్న పేపర్ ముక్క అంటించి ఉంది. కూర్మారావు దాన్ని చూసి మంచం పట్టె మీద కూర్చున్నాడు.

ఊరి ఆశా కార్యకర్త దేవి కిట్టు పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. ఉదయం నుంచి ఇది ఆమె మూడోసారి రావడమట. "మీరైనా సెప్పండి సార్. పేపర్ సూపించి నన్నే తిప్పి పంపేత్తంది. మొన్న బిళ్లలిత్తే కోడికి ఏసింది."

"కోడికి కాదే, దిబ్బలో పారేసినాను. కోడేటి పాపం సేసింది" అంది అసిరమ్మ.

మోహిని నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగింది. కూర్మారావుకు నవ్వు రాలేదు.

"సిన్నమ్మా, నామాట ఇను. నాను మందు కనిపెట్టలేదు."

"ఊరుకోరా. దిష్టి తగులుతాదని అలగంటున్నావు."

"నిజంగా లేదు. నాను పరీచ్చ సేసింది గాజు పలకలో. మనిసి ఒంట్లో కాదు. నువ్వు తాగినది నాను తీసిన సారం కూడా కాదు. అది స్పిరిట్ లాంటిదాంట్లో నానబెట్టి తీసింది, ఇది నీల్లలో మరగబెట్టింది. ఇందులో ఏటి ఎంతుందో నాకే తెలీదు."

"క్వినైనో ఏటో, ఆ గోలీ కూడా బెరడేనని నువ్వే కదా సెప్పేవోడివి. ఎప్పటి నుంచో అదే పాట."

ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు. ఆ పాట పాడింది తనే.

"బెరడేనమ్మా. కానీ ఆ బెరడు నుంచి గోలీ అయ్యేసరికి ఎన్నో ఏళ్లు పట్టింది, ఎందరో మనుసులు కష్టపడ్డారు. అందులో ఏ ముక్క జొరాన్ని సంపుతాదో, ఏ ముక్క మనిసిని సంపుతాదో ఏరు సెయ్యాలి. నాను ఇంకా ఏరు సెయ్యలేదు. నా కాయితంలో రెండో మాట కూడా ఉంది, ఎక్కువైతే మన కణాలను కూడా పాడుసేత్తాదని. అది పేపర్లో రాలేదు."

"ఎందుకు రాలేదు?"

"రాయలేదు."

"తప్పు రాసినారని నువ్వు సెప్పొచ్చు కదా?"

"సెప్పలేదమ్మా. అందరూ పొగుడుతుంటే బాగుండింది. ఊరుకున్నాను."

అసిరమ్మ ఆయన మొహంలోకి చూసింది. దుప్పటి కింద ఆమె భుజాలు వణుకుతున్నాయి, చలి మళ్లీ మొదలవుతోంది. గరుకు చెయ్యి బయటికి తీసి ఆయన చేతిమీద వేసింది.

"ఏడుత్తున్నావేటిరా?"

"నువ్వు పోతే నాకెవరున్నారు సిన్నమ్మా. సదువులు, పేపర్లు నాకెందుకు."

"ఒలే దేవీ," అంది అసిరమ్మ, కళ్లు ఆయన మీంచి తిప్పకుండానే, "సూది తే. పొడు."

దేవి వేలి కొన పొడిచి చుక్క రక్తం పట్టీ మీద వేసింది. గీతలు తేలాయి. మలేరియానే. అప్పటికప్పుడు ఆటో పిలిచి పలాస తీసుకెళ్లారు. దారి పొడవునా ఆమె తల మోహిని ఒళ్లో, కాళ్లు కూర్మారావు ఒళ్లో. ఆస్పత్రిలో డాక్టరు తాగిన కషాయం సంగతి విని, ఎంత తాగిందో, ఎన్నాళ్లుగా తాగుతోందో అడిగాడు. కూర్మారావు దాచకుండా అన్నీ చెప్పాడు, ఆ పేపర్ సంగతితో సహా. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ అంతకుముందుకన్నా బాగా పెరిగి ఉంది. జ్వరం వల్లా, కషాయం వల్లా, రెండిటి వల్లా అన్నది తేల్చి చెప్పలేమని, ముందు జ్వరం తగ్గనివ్వమని డాక్టరు అన్నాడు. మలేరియా మందులు మొదలుపెట్టి, కిడ్నీ మీద కన్ను వేసి ఉంచారు.

జ్వరం త్వరగానే దిగింది. ఒంట్లో సత్తువ రావడానికి మాత్రం చాలా రోజులు పట్టింది. ఆ రోజుల్లో కూర్మారావు కాలేజీ నుంచి నేరుగా ఆస్పత్రికి వచ్చి మంచం పక్కన కూర్చునేవాడు. చిన్నప్పుడు ఆమె చేసినట్టే ఉప్పు తక్కువ వేసిన జావ ఊది చల్లార్చి తినిపించేవాడు. డయాలసిస్ దాకా వెళ్లాల్సి వస్తుందేమో అని అందరూ భయపడ్డారు. వెళ్లలేదు. కిడ్నీలు మెల్లగా పాత స్థితికి దగ్గరగా వచ్చి ఆగాయి. పూర్తిగా కాదు.

ఒకరోజు ఆమె పడుకున్నాక ఆస్పత్రి వరండాలో వెంకటేష్ వచ్చి నిలబడ్డాడు. తలెత్తలేదు.

"సార్, దిద్దుబాటు వేయిస్తాను. పైన చోటివ్వరు, లోపల ఎక్కడో మూల వస్తాది."

"నిన్ను ఏటీ అననురా. ఆ వేళే నాను ఫోన్ చేసి ఉండాల్సింది. మూల వచ్చినా వేయించు. కానీ అది ఎవరు చదువుతారు?"

సమాధానం మోహిని దగ్గర దొరికింది. కాశీబుగ్గ బస్సు కాంప్లెక్స్ దగ్గర ఐస్‌క్రీములు, చీరల సేల్‌లు కేకలు వేసుకుంటూ తిరిగే ఆటో ఒకటి మైకుతో సహా ఆమె అద్దెకు కుదిర్చింది. కూర్మారావు క్లాసులో గొంతు పెంచగలడు గానీ మైకు ముందు నోరు పెగలదు. అందుకని మోహినే మాట్లాడింది. వెంకటేష్ డ్రైవర్ పక్కన కూర్చున్నాడు. దేవి తన ఊళ్లలో ముందు నడిచింది. కంచిలి సంతలో, సోంపేట వీధుల్లో, మందస బస్టాండులో, ఉద్దానం కొబ్బరితోటల మధ్య మట్టిరోడ్ల మీద ఆ ఆటో తిరిగింది.

"అమ్మా, అయ్యా, నాను పేపర్లో పడిన బెరడు మాస్టారి పెళ్లాన్ని! మా ఆయన ఏ మందూ కనిపెట్టలేదు, ఆయనే సెప్పమన్నాడు! ఏడాకులపాల బెరడు మరగబెట్టుకుని తాగకండి! కిడ్నీ జబ్బున్నోల్లు అసలు తాగకండి! జొరమొత్తే ముందు రగతపరీచ్చ! సెట్లు ఒలవకండి, సచ్చిపోతన్నాయి!"

జనం నవ్వారు. నవ్వుతూనే ఆగి విన్నారు. కొన్ని ఊళ్లలో పిల్లలు ఆటో వెనక పరిగెత్తుతూ, "మా ఆయన ఏ మందూ కనిపెట్టలేదూ!" అని అరిచారు. ఆటోలో మైకు పక్కన కూర్చున్న కూర్మారావు మొదటి ఊళ్లో సిగ్గుతో తలవంచుకున్నాడు. తరవాత ఊళ్లలో ఎవరైనా ఆగి అడిగితే దిగి, వాళ్లతో మాట్లాడటం మొదలుపెట్టాడు. కవిటి దారిలో ఒకచోట, తమ్ముడి రిపోర్టులు పట్టుకుని వచ్చిన ఆ నడివయసు మనిషి కనిపించాడు. కూర్మారావే దిగి వెళ్లి పలకరించాడు. తమ్ముడు ఇంకా డయాలసిస్ మీదే ఉన్నాడట. బెరడు పొడి ఎవరో అమ్మితే తెచ్చి ఉంచారట, ఇంకా వాడలేదట. వాళ్లింటికి వెళ్లి ఆ పొట్లం తీసుకుని, తమ్ముడితో చాలాసేపు కూర్చుని వచ్చాడు. వాళ్లకు ఇవ్వడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. ఆ మాటే చెప్పాడు. ఈసారి ఆ అన్న నమ్మాడు.

ధనుంజయ తల్లి చెట్టు బతకలేదు. మట్టి మెత్తినా, గుడ్డ కట్టినా వేసవి చివరికి ఆకులు రాల్చేసింది. కూర్మారావు వెళ్లేసరికి ధనుంజయ దాన్ని కొట్టించేసి మొద్దు మీద కూర్చుని ఉన్నాడు. ఇద్దరూ ముసలామె గురించి మాట్లాడుకున్నారు. ఆవిడ చెట్టును ఎప్పుడూ అరచేయంత ముక్కకు మించి కొట్టనిచ్చేది కాదని, కొట్టినచోట మళ్లీ నిండేదాకా అటువైపు పోనిచ్చేది కాదని ధనుంజయ చెప్పాడు. "మాస్టారూ, ఆ కసాయంలో నిజంగా ఏటైనా ఉందంటారా?" అని కూడా అడిగాడు.

"ఉంది ధనుంజయా. అందులో ఏదో ఉంది. అదేటో, ఎంతో, ఇంకా తెలీదు."

మరుసటి ఏడు విశాఖపట్నంలో ఆయన సిద్ధాంత గ్రంథం మీద మౌఖిక పరీక్ష జరిగింది. గైడు మేడమ్ చెప్పినా వినకుండా ఆయన ఒక అధ్యాయం అదనంగా రాశాడు, సారం మనిషి కణాలకు చేసే హాని మీద. తన ఫలితాల్లో అందరూ మెచ్చుకునే భాగం కన్నా అదే పొడుగ్గా వచ్చింది. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు పేజీలు తిప్పి, "మీరు మీ మందునే కిందికి లాగుతున్నట్టుందే" అన్నాడు.

"మందని ఇంకా అనలేను సార్. అనగలిగే రోజు కోసమే ఈ అధ్యాయం."

అసిరమ్మ కూడా వెంట వచ్చింది. హాలు వెనక వరసలో, మోహిని పక్కన, కొత్త నేత చీర కట్టుకుని కూర్చుంది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా చివరిదాకా కళ్లార్పలేదు. అందరూ చప్పట్లు కొట్టాక మాత్రం కొంచెం గట్టిగానే మోహినిని అడిగింది: "ఇప్పుడైనా కనిపెట్టినట్టేనా, ఇంకా లేదా?"

హాలంతా నవ్వింది, పరీక్షకుడితో సహా. కూర్మారావు వేదిక మీంచి సమాధానం చెప్పాడు. "ఇంకా లేదు సిన్నమ్మా!"

"పోనీలే. నిదానంగా కనిపెట్టు" అంది అసిరమ్మ.

ఇప్పుడు ఆయన ఆ సారాన్ని ముక్కలు ముక్కలుగా వేరు చేసే పనిలో ఉన్నాడు. క్రిమిని చంపే ముక్క, మనిషి కణాన్ని గాయపరిచే ముక్క ఒకటేనా, వేరువేరా అన్నది తెలుసుకోవాలి. ఒకటేనని తేలితే ఇన్నేళ్ల పని అక్కడితో ఆగిపోవచ్చు. ఆ సంగతి ఆయనకు తెలుసు. గాలికి పడిపోయిన చెట్ల బెరడు తప్ప ముట్టుకోడు. చెట్టు పడిందని ఎక్కడినుంచో ఎవరో ఒకరు ఫోన్ చేస్తూనే ఉంటారు.

అసిరమ్మ నెలనెలా ఆస్పత్రి పరీక్షకు వచ్చి, వీళ్లింట్లోనే రెండు రోజులుండి వెళ్తుంది. వరండాలో బెరడు ముక్కల పక్కన చాప వేసుకుని కూర్చుని, వాటిమీదికి వచ్చే కోళ్లను అదిలిస్తూ, వీధిలో పోయే ఆడవాళ్లను పిలిచి మరీ మాట్లాడుతుంది. జ్వరమని ఎవరైనా అంటే చాలు, "పరీచ్చ సేయించుకున్నావేటి?" అని మొదలుపెడుతుంది. మొన్న ఒకావిడ ఆశ్చర్యపోయి, "మీ అబ్బాయే కదమ్మా ఈ బెరడుతో మందు సేత్తంది" అంది.

"సేత్తన్నాడు. అయినాక సెప్తాం" అంది అసిరమ్మ, చీర చెంగుతో ఒక ముక్క మీద వాలిన ఈగను తోలుతూ. "ఈలోపు నువ్వు ఆస్పత్రికెల్లు."

లోపల మోహిని పచ్చడి రుబ్బుతోంది. కూర్మారావు బండి స్టార్ట్ చేసి, టెక్కలి వెళ్లొస్తానని ఇద్దరికీ చెప్పి బయలుదేరాడు.